రవ్వ పలుకంత సాలీడు కోసం సమోవాకి

మాది శ్రీకాళహస్తి. మా ఊరి పేరు మొదలయ్యేదే సాలీడుతో. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడూ శివుణ్ణి కొలిచి మోక్షం పొందాయని స్థలపురాణం. ఇంట్లో బూజు దులిపేటప్పుడు సాలీడు కనబడితే మా అమ్మ చంపనిచ్చేది కాదు. "స్వామి భక్తుడే, చీపురు మీదికి ఎక్కించుకుని బయట వదిలెయ్" అనేది. తర్వాత నేను జువాలజీ చదివాను, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, రిటైరయ్యాను. సాలీళ్ళ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక పేరు తప్పకుండా రాసేదాన్ని: పాటు మార్ప్లెసి. పసిఫిక్ సముద్రంలో ఉండే సమోవా దేశంలో తప్ప ఇంకెక్కడా దొరకని సాలీడు. మగదాని ఒళ్ళు మొత్తం 0.43 మిల్లీమీటర్లు. గసగసాల గింజలో సగం కూడా ఉండదు. ఉప్మా రవ్వలో ఒక్క పలుకు వేలి మీద పెట్టుకుని చూడండి, సుమారుగా అంత.

మా అక్క కొడుకు న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు మాటల్లో ఈ సాలీడు సంగతి వచ్చింది. "ఇక్కణ్ణించి నాలుగు గంటల ఫ్లైటే పిన్నీ, సెలవు పెడతాను, వెళ్దాం పద" అన్నాడు. జూన్ నెల. అక్కడ వానలు కాస్త తగ్గే కాలం.

మొదటి రోజు, శుక్రవారం

ఆక్లండ్‌లో స్వెట్టర్ వేసుకుని ఎక్కాం. ఫాలెఓలో ఎయిర్‌పోర్ట్‌లో మెట్లు దిగుతుంటేనే ఒళ్ళంతా చెమట. మా కోస్తా ఊళ్ళలో ఆగస్టు సాయంత్రం ఉండే ఉక్కలాంటిదే. బయల్దేరే ముందు షూల అడుగులు బ్రష్‌తో కడిగి తెచ్చుకున్నాం. దీవిలోకి బయటి మట్టి, విత్తనాలు మోసుకెళ్ళకూడదు. నేలకంటుకుని బతికే జీవుల్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

రాజధాని ఆపియా అక్కణ్ణించి సముద్రం పక్కనే తూర్పుగా, గంట దారి. కార్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. ఇది 2009 సెప్టెంబర్ 7న మొదలైంది, అంతకుముందు కుడివైపే. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల నుంచి తక్కువ ధరకి కార్లు తెచ్చుకోవచ్చని మార్చారు. తేదీని కూడా మార్చుకున్న దేశం ఇది. 2011 డిసెంబర్ 29 గురువారం రాత్రి పడుకున్నవాళ్ళు లేచేసరికి శనివారం, 31వ తేదీ. మధ్యలో శుక్రవారం రానేలేదు. వ్యాపారమంతా న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలతో ఉంటే క్యాలెండర్ మాత్రం అమెరికా వైపు ఉండటం కుదరక, తేదీ రేఖకి ఈ పక్కకి వచ్చేశారు.

దారి పొడుగునా గోడల్లేని ఇళ్ళు. ఫాలె అంటారు. చుట్టూ స్తంభాలు, పైన గోపురంలాంటి కప్పు, లోపల చాపలు. రోడ్డు మీద పోయేవాళ్ళకి ఇంట్లో మనుషులు కూర్చుని మాట్లాడుకోవడం కనిపిస్తూనే ఉంటుంది. మేం దిగిన ఇంట్లో కూడా పెరట్లో ఒక ఫాలె ఉంది. ఇంటావిడకి డెబ్బై ఏళ్ళు ఉంటాయి. దేనికొచ్చారని అడిగింది. సాలీడు కోసం అని మావాడు చెప్పాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అపొంగాలెవెలెవె?" అంది. సమోవా భాషలో సాలీడుకి అదీ పేరు. నేను మూడుసార్లు పలికి నేర్చుకున్నాను. అంత చిన్న ప్రాణికి ఎంత పొడుగు మాటో! ఎక్కడ ఉంటుందని అడిగితే నాచులో అని చెప్పాం. నాచుకి వాళ్ళ మాట లిమూ. సముద్రంలో పెరిగేదైనా చెట్టు మీద పెరిగేదైనా ఆ ఒక్క మాటే. మనకీ అంతే కదా, చెరువులోదీ నాచే, గోడమీదిదీ నాచే.

రెండో రోజు, శనివారం

పొద్దున్నే మార్కెట్‌కి వెళ్ళాం. చామదుంపలు ఒక్కోటి పెద్ద కొబ్బరికాయంత ఉన్నాయి, కాడలు కట్టలుగా కట్టి నేలమీద పేర్చారు. పక్కన సీమపనసకాయలు, కొబ్బరికాయలు, కాల్చి దంచిన కోకో గింజల ముద్దలు. ఆ ముద్దని వేడినీళ్ళలో కలిపి చక్కెర వేసి తాగుతారు, కోకో సమోవా అంటారు. అడుగున మడ్డి మిగులుతుంది. ఆ మడ్డిని నములుతూ తాగాలని కొట్టావిడ చూపించింది.

మధ్యాహ్నం వైలిమాకి. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ చివరి రోజులు గడిపిన ఇల్లు అక్కడుంది. ఊపిరితిత్తుల జబ్బుతో చలిదేశంలో ఉండలేక ఈ దీవికి వచ్చాడు. సమోవావాళ్ళు ఆయన్ని తుసితాల అనేవాళ్ళు, కథలు చెప్పేవాడని అర్థం. 1894 డిసెంబర్ 3న చనిపోతే ఇంటి వెనక వయెయా కొండమీదికి దారి నరుక్కుంటూ మోసుకెళ్ళి శిఖరం మీద పాతిపెట్టారు. ఇల్లు చూశాం, బావుంది. కానీ నా మనసంతా ఆ కొండ మీదే ఉంది.

ఎందుకంటే కళ్ళకి ముందు సాధన కావాలి. నా మెడలో పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం ఉంది. 0.43 మిల్లీమీటర్ల ప్రాణి అందులో నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు కనిపిస్తుంది, అంటే పెసరగింజంత. చూడ్డానికి అది చాలు. ఎక్కడ చూడాలో తెలియడమే కష్టం. భూతద్దాన్ని కంటికి ఆనించుకుని, నాచు దగ్గరికి మొహం తీసుకెళ్ళాలి. దూరం ఒక వేలి వెడల్పు అటూ ఇటూ అయితే అంతా మసక. ఊపిరి వదిలితే అద్దం మీద ఆవిరి.

కొండ సగంలో ఒక బండరాయి పక్కన కూర్చుని మొదటిసారి చూశాను. పైనుంచి చూస్తే పచ్చటి మెత్త. లోపల చూస్తే ఒక్కో కాడా చిన్న ఈతచెట్టులా నిలబడి, చుట్టూ ఆకులు, ఆకుల మొదట్లో నీటి బిందువులు. కాడల మధ్య చీకటి సందులు. ఆ సందుల్లో ఎర్రటి పేనులాంటి మైట్ ఒకటి నడిచి వెళ్ళింది. కాసేపటికి స్ప్రింగ్‌టెయిల్ అనే తెల్లటి చిన్న పురుగు ఒకటి. మనం వెతికే సాలీళ్ళకి ఇలాంటివే ఆహారం. మావాడు ఫోన్‌కి మాక్రో లెన్స్ తగిలించి ఫోటోలు తీశాడు. గంటన్నరలో మేం చూసిన మేర మొత్తం కలిపితే ఒక పీట వెడల్పు ఉంటుంది. సాలెగూడు ఒక్కటీ లేదు. పైకెక్కి సమాధి దగ్గర కూర్చున్నాం. కింద ఆపియా రేవు, అవతల పగడపు దిబ్బల మీద తెల్లటి అలల గీత.

మూడో రోజు, ఆదివారం

ఆదివారం ఇక్కడ అడవికి వెళ్ళే ప్రశ్నే లేదు. షాపులు మూసేస్తారు, ఊరంతా తెల్లబట్టలతో చర్చికి వెళ్తుంది. ఇంటావిడ మమ్మల్నీ రమ్మంది. నాకో లావాలావా ఇచ్చి నడుముకి ఎలా చుట్టుకోవాలో నేర్పింది. పాట మాత్రం నేను జన్మలో మరిచిపోను. మైకులు లేవు, వాయిద్యం లేదు. మగవాళ్ళు కింది స్థాయిలో అందుకుంటే, ఆడవాళ్ళు పైన, పిల్లలు ఇంకా పైన. కప్పు కింద గాలంతా కదిలినట్టనిపించింది.

తెల్లవారకముందే పెరట్లో ఉము వేశారు. రాళ్ళు ఎర్రగా కాల్చి, వాటి మీద చామదుంపలు, సీమపనస, చేపలు పేర్చి, అరిటాకులతో కప్పేస్తారు. చర్చి నుంచి రాగానే ఆ భోజనం, తోఓనాయి. నేను శాకాహారినని చెబితే ఆవిడ కంగారుపడలేదు, పలుసామి పొట్లాలు నాలుగు నా ముందు పెట్టింది. లేత చామాకుల్లో చిక్కటి కొబ్బరిపాలు, ఉల్లిపాయ పోసి మూటకట్టి ఉములో ఉడికించిందే పలుసామి. మా ఇంట్లో చామాకుతో పులుసు చేస్తారు, దురద పోవడానికి చింతపండు గట్టిగా వేస్తారు. ఇక్కడ చింతపండు లేదు, కొబ్బరిపాలూ గంటల తరబడి రాళ్ళ వేడీ ఆ పని చేస్తాయి. గొంతులో చిటికెడు దురద కూడా లేదు.

మధ్యాహ్నం కుండపోత వాన. ఫాలెలో చాప మీద పడుకుని మావాడికి ఈ సాలీడు కథ మొదటినుంచీ చెప్పాను. బ్రయాన్ జాన్ మార్ప్ల్స్ అని న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీలో జువాలజీ ప్రొఫెసర్. పురాతన పెంగ్విన్ల శిలాజాల మీద పనిచేసినాయనే, ఈ దీవుల సాలీళ్ళ మీద కూడా వరసగా వ్యాసాలు రాశాడు. పాటు అనే ప్రజాతిని 1951లో పరిచయం చేసింది ఆయనే. ఒకటి ఫిజీ నుంచి, పాటు విటియెన్సిస్. ఇంకోటి సమోవా నుంచి, పాటు సమోయెన్సిస్. తర్వాత 1959లో రేమండ్ ఫార్‌స్టర్ ఈ కుటుంబం మొత్తాన్ని మళ్ళీ పరిశీలించి, సమోవా నాచులో దొరికిన ఇంకా చిన్నదానికి మార్ప్ల్స్ పేరు పెట్టాడు. ఫార్‌స్టర్ అప్పటికి ఆ యూనివర్సిటీ ఉన్న డనీడిన్‌లోనే ఒటాగో మ్యూజియం డైరెక్టర్. ఒకే ఊళ్ళో ఇద్దరు మనుషులు, వేల కిలోమీటర్ల అవతలి దీవిలో నాచు ముద్దలోని ఒక చుక్కని పట్టుకుని కూర్చున్నారు.

"ప్రపంచంలో అన్నిటికంటే చిన్న సాలీడు ఇదేనా పిన్నీ?" అని అడిగాడు.

చాలాకాలం ఇదే అనుకున్నారు. 1977లో కొలంబియా నుంచి పాటు డిగువా వచ్చింది, దాని మగది 0.37 మిల్లీమీటర్లు. ఇక రికార్డు సంగతి నాకు ముఖ్యం కాదు. అంత చిన్న ఒంట్లో సాలీడుతనం మొత్తం ఎలా పట్టిందన్నదే నన్ను ఇన్నేళ్ళు పట్టుకున్న విషయం. మామూలు సాలీడుకి పొట్ట కింద పుస్తకం పేజీల్లాంటి ఊపిరితిత్తులు ఉంటాయి. ఈ కుటుంబంలో అవి పోయాయి, సన్నటి గొట్టాలతోనే ఊపిరి. రెండు కోరల మొదళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, కుటుంబం పేరు సింఫైటోగ్నాథిడే అంటే అర్థం అదే. నోటి పక్కన చేతుల్లా ఉండే పాల్ప్‌లు ఆడదానికి లేనే లేవు. కళ్ళు మామూలుగా ఎనిమిది ఉండాల్సినవి ఆరు, కొన్నిటికి నాలుగు.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న మెదడుది. ఒళ్ళు ఎంత కుదించుకున్నా నరాల కణం ఒక హద్దు దాటి చిన్నది కాలేదు. మరి మెదడు ఎక్కడ పెట్టుకోవాలి? పనామాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో విలియం ఎబర్‌హార్డ్, ఆయన తోటివాళ్ళు రకరకాల సైజుల సాలీళ్ళని కోసి చూశారు. 2011లో బయటపెట్టారు. అతి చిన్న సాలీళ్ళలో ముందు భాగపు ఖాళీలో దాదాపు 80 శాతం నాడీవ్యవస్థే. అక్కడా చాలక కాళ్ళ మొదళ్ళలోకి కూడా దిగింది. సమోవా సాలీడుని కాదు, దానికి దూరపు చుట్టాల్లాంటివాటిని చూశారు, కానీ ఇబ్బంది అందరిదీ ఒకటే. పైగా చిన్నవి కదాని అవి గూడు కట్టడంలో తప్పులు ఎక్కువేమీ చేయవని కూడా తేలింది.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే అది కాళ్ళతో ఆలోచిస్తుందా?" అన్నాడు. అలా అనలేం గానీ, ఆ కాళ్ళలో ఆలోచన చోటు చేసుకుందని మాత్రం అనొచ్చు అన్నాను.

సాయంత్రం శంఖం మోగింది. ఆ కాసేపూ ఊళ్ళో ఎవరూ రోడ్డు మీద నడవకూడదు, ఇళ్ళలో కుటుంబమంతా కూర్చుని ప్రార్థన చేసుకుంటారు. మేమూ మాటలు ఆపి కూర్చున్నాం. చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు ఒక్కటే.

నాలుగో రోజు, సోమవారం

ఇవాళ అసలు చోటు. ఆపియా నుంచి దీవి మధ్యగా దక్షిణ తీరానికి వెళ్ళే రోడ్డు ఒకటుంది. దాని మీద మలోలోలెలెయి అనే చోటు, సుమారు ఆరువందల మీటర్ల ఎత్తు. మాలోలో అంటే విశ్రాంతి, లెలెయి అంటే మంచిది. ఈ సాలీడు దొరికిందని రికార్డులకెక్కింది ఆ చుట్టుపక్కల నాచులోనే.

దారిలో తియాపాపాతా దగ్గర బహాయి మందిరం చూశాం. తొమ్మిది వైపుల తెల్లటి గోపురం, 1984లో తెరిచారు. ఢిల్లీ లోటస్ టెంపుల్‌కి రెండేళ్ళు పెద్ద. తోట అంతా పొగమంచు. అక్కడ మందారాలు కూడా తడిసి తలలు వాల్చి ఉన్నాయి.

సమోవాలో నేల 80 శాతం దాకా కుటుంబాలదీ ఊళ్ళదీ, ఆచారం ప్రకారం వచ్చేది. రోడ్డు పక్కన చెట్టే కదా అని లోపలికి అడుగుపెట్టకూడదు. ఇంటావిడ తనకి తెలిసిన ఒక కుటుంబానికి ముందే కబురు పెట్టింది. వాళ్ళ పెద్దాయన దగ్గర కూర్చుని, ఎందుకొచ్చామో చెప్పి, చూస్తాం గానీ ఏదీ పట్టుకుపోం అని మాటిచ్చాం. ఆయన మనవడు, పదిహేడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, కత్తి భుజాన వేసుకుని మా ముందు నడిచాడు.

పెద్ద చెట్లు అనుకున్నంత లేవు. 1990లో ఓఫా తుఫాను, మరుసటేడు వాల్, 2012 డిసెంబర్‌లో ఎవాన్. మూడూ ఈ కొండల మీద అడవిని విరిచేశాయి. ఎండ పడ్డ చోటల్లా మెరెమియా తీగ దుప్పటిలా కప్పేసింది. తీగ కింద చెట్టు ఊపిరాడక చస్తుంది, నీడ పోతుంది, నీడ పోతే నాచు ఎండుతుంది. కోనసీమలో పెద్ద తుఫాను తర్వాత తలలు విరిగిన కొబ్బరితోటలు చూశాను. కొబ్బరిని మళ్ళీ నాటుతారు. ఇక్కడ బెరడు మీద అంగుళం మందాన నాచు మళ్ళీ పట్టడానికి ఎవరు ఏం చేయగలరని దిగులేసింది.

నీడ మిగిలిన ఒక వాగు పక్కన కూర్చున్నాం. అరగంటకి వాన. చినుకులా మొదలై మీద పడిపోయింది. భూతద్దం నిండా నీళ్ళు, మావాడి ఫోన్ లెన్స్ లోపల ఆవిరి పట్టి ఇక పనిచేయలేదు. నాచు స్పంజిలా నిండిపోయింది, సందులన్నీ నీళ్ళతో మూసుకుపోయాయి. ఏ గూడైనా ఉన్నా ఇప్పుడు కనబడదు. కుర్రాడు అరిటాకు కోసి నా నెత్తిన పట్టుకుని నిలబడ్డాడు. మూడు గంటలు అలా గడిపి వెనక్కి వచ్చేశాం. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. ఇంత దూరం వచ్చి ఖాళీ చేతులతో పోతానేమోనని టెన్షన్.

అయిదో రోజు, మంగళవారం

అదే కుర్రాడు లనొతోఓ సరస్సుకి తీసుకెళ్తానన్నాడు. అదే రోడ్డు నుంచి పక్కకి తిరిగి, మట్టిదారిలో గంటన్నర నడక. ఇంకో నూటయాభై మీటర్లు పైకి. నిన్నటి వానకి దారంతా బురద, వేళ్ళు పట్టుకుని ఎక్కాలి. నా మోకాళ్ళకి కష్టమే. కుర్రాడు ముందు నిలబడి చెయ్యి, మావాడు వెనక నిలబడి చెయ్యి. పైన చెట్ల కొమ్మలన్నీ నాచు జడలు వేసుకుని ఉన్నాయి. ఎక్కడో పావురం గొంతు వినిపిస్తే మానుమేయా కాదు కదా అని ఆశగా ఆగాను. సమోవా వాళ్ళ జాతీయ పక్షి అది, ఇప్పుడు చాలా కొద్దిగా మిగిలింది. మాకు కనబడలేదు.

సరస్సు ఆకుపచ్చగా, అగ్నిపర్వతం నోట్లో నిశ్చలంగా ఉంది. ఒడ్డున బంగారు చేపలు. జర్మన్ల పాలనలో ఎవరో తెచ్చి వదిలారని చెప్పుకుంటారు.

ఒడ్డుకి కాస్త ఇవతల, పడిపోయిన చెట్టు మొద్దు ఒకటి. పైన ఆకుల గొడుగు ఉండటంతో వాన నేరుగా పడలేదు, నాచు తడిగా ఉంది గానీ నీళ్ళు నిండలేదు. ముందురోజు నేర్చుకున్న పాఠంతో ఈసారి ఒక చిన్న స్ప్రే సీసా తెచ్చాను, ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద చల్లేలాంటిది. సాలెపోగు ఎంత సన్నగా ఉన్నా దాని మీద తుంపర వాలితే ముత్యాల దండలా బయటపడుతుంది. శీతాకాలం పొద్దున మన చేల గట్ల మీద గడ్డిలో సాలెగూళ్ళు కనబడేది అందుకే. దగ్గరగా కొడితే చెడిపోతుంది. సీసాని చెయ్యిచాపు దూరంలో పట్టుకుని, గాల్లోకి ఒక్కసారి నొక్కి, తుంపర తనంతట తాను వాలేదాకా ఆగాలి.

నలభై నిమిషాలు మొద్దు మీద జానెడు జానెడు జరుగుతూ చూశాను. ఒక చోట నాచు రెండు గుబుర్లుగా చీలి, మధ్యలో గుంట పడింది. తుంపర వాలింది. ఆ గుంట మీద ఏదో మెరిసింది.

గూడు పరుపులా పడుకుని ఉంది. మన ఇళ్ళ మూలల్లో నిలువుగా కట్టేదానిలా కాదు, నేలకి సమాంతరంగా, పాత రూపాయి బిళ్ళంత. మధ్యనుంచి ఆకు ఈనెల్లా పోగులు నాలుగు దిక్కులకీ. ఎన్నో లెక్కపెడదామని చూశాను, ఇరవై దాటాక కన్ను తప్పింది, ఇంకా చాలా ఉన్నాయి. పోగుకి పోగుకి మధ్య సందు వెంట్రుక మందం. వాటి చుట్టూ గుండ్రంగా తిరిగే పోగులు ఇంకా సన్నం. వెలుతురు పడ్డ వైపు కనబడుతున్నాయి, అవతల వైపు లేనే లేనట్టున్నాయి. సరిగ్గా నడిమధ్యన ఒక చుక్క. తేనెరంగు. పొట్ట గుండ్రంగా, బొట్టులాగా. కాళ్ళు ముడుచుకుని ఉంది. నేను ఊపిరి బిగబట్టాను. ఒక నీటి తుంపర గూడు అంచు మీద పడ్డప్పుడు ఆ చుక్క కదిలింది. ముందు కాలొకటి చాచి పోగుని లాగి చూసింది. ఒక్కసారి. మళ్ళీ ముడుచుకుంది.

ఆ కాలు చాచినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి, అద్దంలో అంతా అలుక్కుపోయింది. తుడుచుకుని మళ్ళీ చూశాను. అక్కడే ఉంది.

అది పాటు మార్ప్లెసి అని నేను చెప్పను, చెప్పకూడదు. ఈ దీవిలోనే పాటు సమోయెన్సిస్ కూడా ఉంది. ఏది ఏదో తేల్చాలంటే పట్టుకుని, ఆల్కహాల్లో వేసి, మైక్రోస్కోప్ కింద అవయవాలు చూడాలి. మేం పట్టుకోం అని మాటిచ్చి వచ్చాం. ఆ గూడు తీరు, ఆ సైజు చూస్తే ఆ కుటుంబానిదే అని నా నమ్మకం. అంతవరకే చెబుతాను. తరగతి గదిలో ముప్పై ఏళ్ళు ఆ పేరు రాశాను కదా, ఒక్కసారి ఆ పేరు పెట్టి పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలవలేదు.

మావాడు చూశాడు. తర్వాత కుర్రాడికి భూతద్దం ఇచ్చి ఎలా పట్టుకోవాలో చూపించాం. ముందు "ఏమీ లేదు" అన్నాడు. దూరం సరిచేశాక ఒక్కసారిగా కదలడం మానేశాడు. బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నవాడు పది నిమిషాలు లేవలేదు. "లాయిటీటీ," అన్నాడు మెల్లగా. చిన్నది అని. తర్వాత తలెత్తి, ఈ దారిలో తను చిన్నప్పటినుంచీ నడుస్తున్నానని, ఆ మొద్దు మీద కూర్చుని ఎన్నోసార్లు తిన్నానని చెప్పాడు. దిగేటప్పుడు దాని మీద ఎవరూ కూర్చోకుండా రెండు ఎండుకొమ్మలు అడ్డంగా పెట్టి వచ్చాడు.

ఆరో రోజు, బుధవారం

దక్షిణ తీరానికి వెళ్ళాం. దారిలో పాపాపాపాయితాయి జలపాతం, లోయలోకి వంద మీటర్ల దాకా ఒకే ధార. లాలోమాను దగ్గర తెల్లటి ఇసుక, సముద్రం నీలం. 2009 సెప్టెంబర్ 29 సునామీ ఈ తీరాన్నే తుడిచిపెట్టింది. మావాడు ఈదాడు. నేను నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను, మోకాళ్ళకి హాయిగా ఉంది. రాత్రి ఇంటావిడకి ఫోటో చూపించాం. లెన్స్ పాడవడంతో మామూలు ఫోన్‌తో తీసింది, అందులో పచ్చటి మసక తప్ప ఏమీ లేదు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, వేలితో ఒక చోట చూపించి, ఇదేనా అంది. నిజంగానే అక్కడే.

ఏడో రోజు, గురువారం

మావాడు ఆక్లండ్‌కి, నేను ఫిజీ మీదుగా సింగపూర్, చెన్నై. ఫిజీలో నాంది అనే ఊళ్ళో ఫ్లైట్ మారడానికి చాలా గంటలు టైముంది. టాక్సీ మాట్లాడుకుని సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్ళాను. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా చెరకు తోటల్లో కూలికి మనవాళ్ళని ఓడల్లో తెచ్చారు. మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి, వాటిలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళంతా కలిసి 1926లో పెట్టుకున్న సంగం ఇప్పటికీ బడులు నడుపుతోంది.

దర్శనం చేసుకుని బయటికి వస్తే ప్రహరీ గోడ అడుగున నీడలో కొంచెం నాచు కనబడింది. పాటు ప్రజాతిలో మొదట పేరు పెట్టిన సాలీళ్ళలో ఒకటి ఈ ఫిజీదే. చూడకుండా ఉండలేక కూర్చుని భూతద్దం తీశాను. నాచు పొడిగా, రంగు పోయి ఉంది. స్ప్రే సీసా లగేజీలో ఉండిపోయింది.

మొక్కలకి నీళ్ళు పెడుతున్న ఒక పెద్దావిడ వచ్చి ఏం పోయిందని హిందీలో అడిగింది. సాలీడు కోసం అన్నాను, హిందీలో ఏమంటారో తట్టక తెలుగు మాటే వచ్చేసింది. ఆవిడ నన్ను తేరిపార చూసింది. వాళ్ళ అవ్వ తెలుగు మాట్లాడేదట, తనకి మాత్రం నాలుగైదు మాటలే మిగిలాయట. "నీళ్ళు," అంది, నా చేతిలో భూతద్దాన్నీ ఆ ఎండిన నాచునీ చూసి. వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి, చేత్తో కొంచెం కొంచెం తీసి ఆ గోడ మొదట్లో చిలకరించింది. నాచు చూస్తుండగానే పచ్చబడి విచ్చుకుంది. నేను పక్కకి జరిగి చోటిచ్చాను. ఆవిడ కొంగు సర్దుకుని కూర్చుంది.